పెండింగ్ అంటే ఏ పెండింగు?

ఒక మాట మీద నాకు చాలా రోజుల్నించీ కోపంగా ఉంది. ఆ మాట "పెండింగ్". ఇదేదో సర్కారు ఆఫీసుల మీద టపా అనుకునేరు. కాదు, మన మీదే. అంటే సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళ మీద. ఆఫీసుల సంగతి కూడా వస్తుంది గానీ, కాస్త ఆగాక.

ముందు ఈ గొడవతో సంబంధం లేనివాళ్ళకి రెండు ముక్కలు. కంప్యూటర్లో మీరు బటన్ నొక్కగానే అయిపోయే పనులు కొన్నుంటాయి. కొన్ని అలా కావు. ఏడాది లెక్కలన్నీ తీసి పీడీఎఫ్ చెయ్యాలి, పదివేల మందికి జీతాలు లెక్కెయ్యాలి. అంతసేపు మిమ్మల్ని తెర ముందు కూచోబెట్టలేరు కాబట్టి మీ పనిని ఒక వరసలో పడేసి, చేతికో నంబరు ఇస్తారు. ఆ వరస పేరు టాస్క్ క్యూ. వెనకాల వర్కరు అనేవాడొకడు (మనిషి కాదు, అదీ ప్రోగ్రామే) ఒక్కో పనీ తీసి చేసుకుంటూ పోతాడు. మీరు మధ్యమధ్యలో నంబరు చూపించి "అయిందా?" అని అడుగుతూ ఉండొచ్చు.

టిఫిన్ సెంటర్లో డబ్బులు కట్టి టోకెన్ తీసుకున్నట్టే. దోశ మాస్టారికి చీటీ ఇచ్చాం, నిలబడ్డాం. "అన్నా, నా దోశ?" అంటే "ఇంకా కాలేదు" అన్నాడనుకోండి. దోశ పెనం మీద ఉన్నా అదే మాట. ఇంకా పిండి గరిటె ముంచకపోయినా అదే మాట. మీ దోశ పక్కాయన ఎత్తుకెళ్ళిపోయినా అదే. మీ చీటీ ఫ్యాను గాలికి ఎగిరి పొయ్యి కిందికి పోయినా అదే. అసలు మీరు డబ్బులే కట్టకుండా ఉత్త కాగితం మీద 786 అని రాసి చూపించినా కూడా "ఇంకా కాలేదు" అంటాడనుకోండి. అలాంటి హోటల్లో మీరు రెండోసారి తింటారా?

మన ప్రోగ్రాములు మాత్రం సరిగ్గా ఇలాగే నడుస్తున్నాయి. నేను పెంచి చెప్పడం లేదు. పైథాన్ వాళ్ళు ఎక్కువగా వాడే టాస్క్ క్యూ సెలరీ. (జీతం కాదు, ఆకుకూర. ఆస్క్ సోలెమ్ 2009లో మొదలుపెట్టాడు.) అందులో మీ పని స్థితి అడిగితే వచ్చే జవాబుల్లో మొదటిది పెండింగ్. దాని అర్థం "వరసలో ఉంది" అనుకుంటాం కదా? కాదు. "వరసలో ఉంది, లేదా నాకు తెలీదు". దాని డాక్యుమెంట్లలోనే ఆ మాట ఉంది, వాళ్ళేమీ దాచలేదు. ఇప్పటికిప్పుడు మీరు కీబోర్డు మీద అడ్డదిడ్డంగా వేళ్ళు కొట్టి ఏదో ఒక నంబరు తయారుచేసి అడగండి. పెండింగ్ అంటుంది. పుట్టని బిడ్డకి కూడా "స్కూలుకెళ్ళాడు, వస్తాడు" అని చెప్పే రకం.

ఇంకా ఉంది. వర్కరు పని మొదలుపెట్టాడా లేదా అన్నది మామూలుగా రాసి పెట్టుకోదు. దానికి వేరే సెట్టింగు ఉంది, అది మొదట్నించీ ఆపేసే ఉంటుంది. కాబట్టి పని సగం నడుస్తున్నా పెండింగే. ఇంకోటి, వర్కరు పనిని వరసలోంచి తీసుకున్నానని చేసే ముందే సంతకం పెట్టేస్తాడు, చేశాక కాదు. మార్చుకోవచ్చు, కానీ ఎంతమంది మార్చారు? అంచేత మధ్యలో ఆ మెషీనే మొత్తంగా పోయిందనుకోండి, పని వరసలోనూ ఉండదు, చేసిన వాళ్ళూ ఉండరు, జవాబు మాత్రం పెండింగ్. ఇవాళ, రేపు, వచ్చే సంక్రాంతికి కూడా.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది గడువు విషయంలో. పని అయిపోయింది, ఫలితం వచ్చింది, దాచింది. ఎన్నాళ్ళు? మామూలుగా ఒక్క రోజు. 24 గంటలు దాటితే రెడిస్‌లో అయితే దానంతటదే చెరిగిపోతుంది. మామూలు డేటాబేసులో దాచితే సెలరీ బీట్ నడుస్తున్న చోట తెల్లారుజామున 4 గంటలకి వచ్చి ఊడ్చుకుపోతుంది. ఊడ్చాక అదే నంబరుతో అడిగితే ఏమంటుంది? "అయిపోయింది, గడువు దాటి చెరిపేశాం" అనదు. పెండింగ్ అంటుంది! అయిన పని కానిదైపోయింది. ఇంతకంటే పచ్చి అబద్ధం ఏ కంప్యూటరూ చెప్పగా నేను వినలేదు.

ఇది ఒక్క సెలరీ జబ్బు కాదు. ఆర్‌క్యూ అని ఇంకోటుంది, చిన్నది, చక్కటిది. అందులో ఫలితం మామూలుగా ఉండేది 500 సెకన్లు. అంటే 8 నిమిషాల 20 సెకన్లు. మా ఊళ్ళో మొయినాబాదు ఆటో కోసం నిలబడితే ఆటో రావడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. రూబీ వాళ్ళ సైడ్‌కిక్ ఇంకా నిజాయితీపరుడు, పని ఇచ్చిన ఫలితాన్ని అసలు దాచనే దాచడు. ఫెయిలైతే మాత్రం 25 సార్లు, దాదాపు 20 రోజులు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తాడు, అప్పటికీ కాకపోతే చచ్చినవాటి లెక్కలో ఆర్నెల్లు ఉంచుతాడు. ఫలితం కావాలంటే నీ డేటాబేసులో నువ్వే రాసుకో అని మొహం మీద చెప్తాడు. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. లేదని చెప్పినవాడితో పేచీ లేదు, ఉందని చెప్పి మాయం చేసేవాడితోనే.

"ఇవన్నీ డాక్యుమెంట్లలో ఉన్నాయి కదా, చదూకోకపోతే ఎవరి తప్పు?" అంటారు మన సీనియర్లు. ఉన్నాయి. కానీ ఆ డాక్యుమెంటు చదివేది మనం. తెర మీద "పెండింగ్" అని చూసేది ఇంకొకరు. ఆ రెండో మనిషి గురించే నా బాధంతా.

నేను ఇంతకు ముందు పనిచేసిన ఒక కంపెనీలో జరిగింది చెప్తాను. పేరొద్దు. సప్లయర్లకి డబ్బు పంపే ఫైలు తయారుచేసి బ్యాంకుకి పంపే పని ఒకటుండేది. క్యూలో నడిచేది. ఒక శుక్రవారం సాయంత్రం అకౌంట్స్ మేడమ్ బటన్ నొక్కి, నంబరు రాసుకుని ఇంటికెళ్ళిపోయారు. పది నిమిషాల్లో పని అయిపోయింది, ఫైలు బ్యాంకుకి వెళ్ళింది, ఫలితం రెడిస్‌లో పడింది. శనివారం సాయంత్రానికి గడువు తీరి చెరిగింది. సోమవారం పొద్దున ఆవిడ వచ్చి నంబరు కొట్టి చూస్తే పెండింగ్. మూడు రోజుల్నించీ పెండింగంటే ఎక్కడో ఇరుక్కుందనుకుని మళ్ళీ నొక్కారు. ఎవరైనా అదే చేస్తారు. కొందరికి డబ్బు రెండుసార్లు వెళ్ళింది. దాన్ని వెనక్కి రాబట్టడానికి పట్టిన వారాలూ, ఫోన్లూ, బతిమాలుకోవడాలూ ఆవిడ నెత్తిన పడ్డాయి. తర్వాత మీటింగులో తేల్చిందేంటంటే, "యూజరు రెండుసార్లు క్లిక్ చేశారు". ఆవిడకి ట్రైనింగు ఇవ్వాలట! అబద్ధం చెప్పింది మన తెర, ట్రైనింగు మాత్రం ఆవిడకి.

(రెండుసార్లు నొక్కినా ఒకసారే అయ్యేలా ప్రోగ్రాము రాయాలి కదా అనే మహానుభావులకి: రాయాలి, నిజమే. కానీ అది ఇంటికి రెండో గొళ్ళెం. మొదటి గొళ్ళెం ఊడిపోయిందన్న మాట ఎత్తకుండా రెండోదాని గురించి ఉపన్యాసాలెందుకు?)

ఇప్పుడు ఆఫీసుల సంగతి. మాది ఎంకపల్లి. మొయినాబాద్ మండలం, చేవెళ్ల డివిజను. హైదరాబాదు పక్కనే కాబట్టి మా వైపు ఎకరాల్లోనే కాదు, గుంటల్లో కూడా లెక్కలుంటాయి. పెండింగ్ అనే ఇంగ్లీషు మాట చదువుకోని ముసలివాళ్ళకి కూడా తెలిసిన చోటు. ఫౌతి పెండింగ్, పాసుబుక్కు పెండింగ్, పేరులో అక్షరం తప్పు దిద్దడం పెండింగ్. ఆ మాట విన్నాక మనిషి ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు. ఆగాలా? మళ్ళీ అర్జీ పెట్టాలా? ఎవర్నైనా పట్టుకోవాలా? అకౌంట్స్ మేడమ్ పరిస్థితే, కాకపోతే ఇక్కడ భూమి.

నిజానికి మన సర్కారు ఈ రెండు రకాల పనుల తేడాని చాలామంది ప్రోగ్రామర్లకంటే బాగా పట్టుకుంది ఒకప్పుడు. 2011 నవంబరులో ఉమ్మడి రాష్ట్రంలో మీసేవ మొదలైనప్పుడు సేవల్ని ఏ కేటగిరీ, బీ కేటగిరీ అని విడగొట్టారు. ఏ అంటే రికార్డు అప్పటికే డేటాబేసులో డిజిటల్ సంతకంతో సిద్ధంగా ఉన్నది. కౌంటర్లో అడిగితే 15 నిమిషాల్లో చేతికివ్వాలి. బీ అంటే ఎవరో చూడాలి, విచారించాలి, రోజులు పడుతుంది. రసీదూ నంబరూ ఇచ్చి పంపిస్తారు. మన భాషలో చెప్పాలంటే రెండోది ముమ్మూర్తులా బ్యాక్‌గ్రౌండ్ జాబు. ఇంకో మంచి పని కూడా చేశారు. సర్టిఫికెట్ చేతికొచ్చాక దాని మీదున్న నంబరు కొట్టి, అది అసలుదో కాదో ఎవరైనా సరిచూసుకోవచ్చు. అంటే ఫలితం ఇచ్చేసి చేతులు దులుపుకోలేదు, దాచిపెట్టారు. 24 గంటలకి ఊడ్చెయ్యలేదు.

తర్వాత ధరణి వచ్చింది. 2020 అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రారంభించారు. రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకే చోట, అప్పటికప్పుడే. ఏ తగాదా లేని భూమికి అది నిజంగానే పనిచేసింది, కాదనను. బాధంతా రికార్డులో తప్పు పడ్డవాళ్ళది. వాళ్ళు మాడ్యూలు వెతుక్కుని అర్జీ పెట్టాలి, రుసుము కట్టాలి, నంబరు తీసుకోవాలి, ఆగాలి. 2024 మార్చి నాటికి అలా ఆగి ఉన్న అర్జీలు సుమారు 2.45 లక్షలు. వాటి కోసం కొత్త ప్రభుత్వం మార్చి 1 నుంచి స్పెషల్ డ్రైవ్ పెట్టాల్సొచ్చింది. ఆగినవాళ్ళ సంగతి అలా ఉంచండి, జవాబు వచ్చినవాళ్ళ ఫిర్యాదు ఇంకా విచిత్రం: "రిజెక్టెడ్" అని వచ్చింది, ఎందుకో లేదు. ఈ ఫిర్యాదు ఆ మూడేళ్ళూ పేపర్లలో చదువుతూనే ఉన్నాం. కారణం తెలీకపోతే ఏం సరిచేసుకోవాలో తెలీదు. మళ్ళీ రుసుము, మళ్ళీ నంబరు, మళ్ళీ పెండింగ్. ఫెయిలైన పనిని ఎందుకు ఫెయిలైందో చూడకుండా మళ్ళీ మళ్ళీ నడిపే వర్కరుకీ దీనికీ తేడా ఏముంది చెప్పండి? ఒకటే, అక్కడ మళ్ళీ నడిచేది ప్రోగ్రాము, ఇక్కడ మనిషి, అదీ మొయినాబాదు దాకా.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. 2020 చట్టంలో రెవెన్యూలో పైవాళ్ళకి అప్పీలు చేసుకునే దారి లేదు, కోర్టుకే పోవాలి. కొత్త చట్టంలో అప్పీలు పెట్టారు. రాజకీయం నాకొద్దు గానీ ఒక ఇంజనీరుగా నాకు ఇందులో కనిపించేది వేరు. అప్పీలు చెయ్యాలంటే ఏముండాలి? మొదటి జవాబు ఉండాలి. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఏ కారణంతో ఇచ్చారు అన్నది చెరగకుండా ఉండాలి. దాచని ఫలితం మీద అప్పీలు లేదు. మన రెడిస్‌లో ఒక్క రోజు బతికే ఫలితం మీద మాత్రం ఎవరు, ఎక్కడ, ఏమని అప్పీలు చేసుకుంటారు?

"తెలీదు" అన్నచోట ఇంకేదో రాసిపెడితే ఏమవుతుందో 2019లో చూశాం. ఆ ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. పరీక్ష రాసిన పిల్లల్లో కొందరికి గైర్హాజరని వచ్చింది. ఒకమ్మాయికి తెలుగులో 99 రావలసింది 00 వచ్చింది. ఈ 00 మాత్రం దిద్దినవాళ్ళు ఓఎంఆర్ షీటులో తప్పు గడి నింపడం వల్ల. అన్ని తప్పులకీ కారణం ఒకటే అనను. కానీ పరీక్ష హాల్లో కూచుని రాసిన పిల్లకి "రాలేదు" అని తెర మీద వచ్చిందంటే, లెక్క కుదరనప్పుడు "ఆగండి, ఇది తేలలేదు" అని చెప్పే గడి ఆ ఫలితాల్లో లేదన్నమాట. గైర్హాజరు అన్నది ఒక ఖచ్చితమైన వాక్యం. తెలీదు అన్నది ఇంకో వాక్యం. ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన వాళ్ళందరి పేపర్లూ ఉచితంగా మళ్ళీ సరిచూడాల్సొచ్చింది. దీన్ని నా క్యూ గొడవతో పోల్చడం అతి అనిపిస్తే అనిపించనీండి. "అదొక స్టేటస్ ఫీల్డే కదా" అనే మాట వినపడ్డప్పుడల్లా నాకు మాత్రం ఇదే గుర్తొస్తుంది.

పెండింగ్‌కి గడువు పెట్టడం మనవాళ్ళకి చేతకాదా అంటే, బ్రహ్మాండంగా చేతనవును. 2014లో తెచ్చిన టీఎస్ ఐపాస్‌లో పెద్ద పరిశ్రమలకి 15 రోజుల్లో అనుమతి, రాకపోతే వచ్చినట్టే లెక్క. 2020లో టీఎస్ బీపాస్‌లో పెద్ద భవనాల అనుమతికి 21 రోజులు, దాటితే ఇచ్చినట్టే. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులరు చూడండి. యూపీఐలో మీ ఖాతాలో డబ్బు పోయి అవతలి ఖాతాలో పడకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి, రాకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున మీకే ఇవ్వాలి. చూశారా, పెండింగ్ అన్న మాటకి ధర కట్టేసరికి అందరికీ తెలివొచ్చింది. మన టాస్క్ క్యూలో పెండింగ్‌కి ధర కట్టేది అకౌంట్స్ మేడమ్. అందుకే మనకి తొందర లేదు.

నేను అడిగేది ఆకాశంలో చందమామని కాదు. క్యూ వేరు, ఫలితాలు దాచే చోటు వేరు అని ఒప్పుకోండి చాలు. క్యూ అనేది రోడ్డు లాంటిది, సరుకు దాటిపోతే దాని పని అయిపోయింది. ఫలితం సరుకు. దాన్ని రోడ్డు మీద ఎందుకు వదిలేస్తారు? మీ అసలు డేటాబేసులో, ఆర్డర్లూ కస్టమర్లూ ఉన్న చోటే, ఒక టేబుల్ పెట్టండి. పని క్యూలో పడెయ్యకముందే అందులో వరస రాయండి: ఎవరు అడిగారు, ఏం అడిగారు, ఎప్పుడు. నంబరు ఇచ్చేది ఆ టేబుల్ నుంచి, క్యూ ఇచ్చే యూయూఐడీ కాదు. సెలరీ దాచే దాంట్లో మామూలుగా ఆ పని ఎవరిదో కూడా ఉండదు. పని పేరూ, దానికిచ్చిన వివరాలూ రాయాలన్నా వేరే సెట్టింగు వెయ్యాలి. ఎవరి టోకెనో తెలియని కౌంటరు అది.

వర్కరు పని ఎత్తుకోగానే "మొదలైంది" అని, అవగానే "అయింది" అని, కాకపోతే "కాలేదు, ఫలానా కారణం" అని మనిషికి అర్థమయ్యే మాటల్లో రాయాలి. ట్రేస్‌బ్యాకు మీ దగ్గర దాచుకోండి, అవతలి మనిషికి "మూడో వరసలో ఐఎఫ్‌ఎస్‌సీ కోడు తప్పు" అని చెప్పండి. ఇంతసేపట్లో కావాల్సింది కాలేదంటే "ఇరుక్కుంది, మేం చూస్తున్నాం" అనాలి, నిజంగా చూడాలి కూడా. ఆ నంబరు మా దగ్గర లేదంటే లేదు అనాలి. చెరిపేస్తే చెరిపేశామని ఒక ముక్క ఉంచాలి. ఫలితం తాలూకు పెద్ద ఫైలు తీసెయ్యండి, ఎవరూ కాదనరు, "ఫలానా తేదీన అయింది" అన్న ఒక్క వరసకి ఏం రోగం?

"స్థలం సరిపోదండీ, పెర్ఫార్మెన్సు పడిపోతుంది" అంటారా? లెక్కేద్దాం. రోజుకి లక్ష పనులు, ఒక్కోదానికి 500 బైట్లు. రోజుకి 50 ఎంబీ. ఏడాదికి 18 జీబీ చిల్లర. మీ ఫోన్లో గుడ్‌మార్నింగ్ వీడియోలు ఇంతకంటే ఎక్కువుంటాయి. రోజుకి కోటి పనులు నడిపేవాళ్ళుంటే వాళ్ళకి వేరే తిప్పలుంటాయి, ఒప్పుకుంటాను. మీలో ఎంతమందికి కోటి నడుస్తున్నాయి?

ఇంకో వాదన ఉంది, దాంట్లో పస ఉంది. అన్ని పనుల ఫలితాలూ ఎవరిక్కావాలి అని. ఫొటోని చిన్నది చెయ్యడం, వార్తాలేఖ పంపడం, క్యాషు ఊడ్చడం లాంటివాటికి దాచక్కర్లేదు. వాటికి సెలరీలోనే "ఫలితం వద్దు" అని చెప్పే వీలుంది, వాడండి. గీత ఎక్కడ గియ్యాలంటే, మీరు ఒక మనిషి చేతికి నంబరు ఇచ్చారా లేదా అన్న దగ్గర. ఇవ్వకపోతే మీ ఇష్టం. ఇచ్చారంటే అది బాకీ. 202 అని హెచ్‌టీటీపీలో ఒక జవాబుంది కదా, "తీసుకున్నాం, ఇంకా చెయ్యలేదు" అని. కావాలనే ఏ మాటా ఇవ్వని జవాబది. కానీ 1999 నాటి ఆ ప్రమాణంలోనే, అలా చెప్పినప్పుడు ఎక్కడ చూసుకోవాలో, లేదా ఎప్పటికి అవుతుందో కూడా చెప్పమని రాశారు. మనం మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేశాం.

ఆర్‌పీసీ బ్యాకెండు అని ఒకటుంది సెలరీలో, దాని గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అందులో ఫలితాన్ని ఒక్కసారే తీసుకోగలం, అదీ పని పంపిన ప్రాసెస్సే తీసుకోవాలి. వెబ్‌సైట్లకి దీన్ని వాడినవాళ్ళని నేను చూశాను. మీరు పేజీ రిఫ్రెష్ కొట్టేసరికి ఇంకో ప్రాసెస్ జవాబిస్తుంది, దానికేమీ తెలీదు, కాబట్టి... అవును, అదే మాట.

రేపు పొద్దున ఆఫీసుకెళ్ళాక ఒక పని చెయ్యండి. మీ ప్రోడక్టులో పని స్థితి చూపించే పేజీ తెరిచి, ఎప్పుడూ ఎవరికీ ఇవ్వని ఒక ఉత్తుత్తి నంబరు కొట్టండి. "అలాంటిది లేదు" అని వస్తే మీ టీముకి నా తరఫున దోశలు. "పెండింగ్" అని వస్తే ఆ తెరని ఫొటో తీసి మీ మేనేజరుకి పంపి, ఇది ఎప్పటికల్లా అవుతుందో కనుక్కోండి.